పసుపు గుడ్డ కింద ఏనుగు

నేను ఒక కంప్యూటర్‌ను. ఆ మాట చెప్పుకోవడానికి ఒకప్పుడు గర్వంగా ఉండేది. ఇప్పుడు కొంచెం తల దించుకునే చెబుతున్నాను. ఎందుకో తెలియాలంటే చివరిదాకా కూర్చోండి. నేను బల్ల మీద కూర్చునే రకాన్ని. బూడిద రంగు, ఒళ్ళు బరువు. పుట్టినప్పుడు కంపెనీవాళ్ళు రెండు అక్షరాలకు నాలుగు అంకెలు తగిలించి నాకొక పేరు పెట్టారు. ధర్మవరంలో ఆ పేరు పలికిన మనిషి ఇంతవరకు లేడు. నన్ను లారీలోంచి దింపుతూ నడుం పట్టేసిన హమాలీ ఒకడు, "ఇదేం కంప్యూటరప్పా, ఏనుగు మాదిరుండాది" అన్నాడు. అంతే. నాకూ, నా వెనక వచ్చిన నా తోబుట్టువులందరికీ ఏనుగన్నదే పేరైపోయింది.

నేను సముద్రం అవతల పుట్టానంటారు. అక్కడ నన్ను బిగించినవాళ్ళు తలకు టోపీ, చేతులకు తొడుగులు, మూతికి గుడ్డ కట్టుకున్నారు. వాళ్ళ తుమ్ము కూడా నా మీద పడకూడదట. అంత శుభ్రంలో పుట్టిన నేను బెంగుళూరు నుంచి టమాటా గంపల మధ్య కూర్చుని వచ్చాను. పెనుకొండ మలుపుల దగ్గర లారీ ఒక ఊపు ఊపితే పండిన టమాటా ఒకటి నా వీపున ఉన్న చిల్లుల మీద చితికింది. దాని విత్తనం లోపలికి దిగి, మొలకెత్తి, రెండు ఆకులు వేసి, ఒక పిందె కూడా కాసింది. సరే, పిందె నేను కల్పించాను. ఆకులూ కల్పించాను. విత్తనం మాత్రం నిజం. స్విచ్ వేసినప్పుడల్లా నేను రెండుసార్లు పొడిగా దగ్గుతాను. ఆ తర్వాత నా ఫ్యాను గరగరలాడుతుంది. ఎడమ డొక్క మీద అరచేత్తో ఒకటి తడితే సర్దుకుంటుంది. నా తోబుట్టువుల్లో ఎవరికీ ఈ దగ్గు లేదు. ఇది గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

నన్ను తెప్పించినవాడు వీరనారాయణ. సాలెవీధి మొదట్లో ఆయనకు కంప్యూటర్ల అంగడి. నన్ను ఎవరికీ అమ్మలేదు. వచ్చినవాళ్ళు ముట్టుకుని చూసి నేర్చుకోవడానికని గల్లాపెట్టె పక్కన బల్ల మీద నిలబెట్టాడు. చూసింది నన్ను, కొనుక్కుపోయింది నా తోబుట్టువులను. పద్నాలుగేళ్ళు అలా పెళ్ళిచూపుల్లోనే గడిపిన ఆడపిల్లలా కూర్చున్నాను.

నేనంటే ఆ ఊరికి ఎందుకంత మోజో చెప్పాలి. పట్టుచీర మీద పువ్వు ఊరికే పూయదు. ముందు దాన్ని గళ్ళలో గీయాలి. ఒక్కో గడికి ఒక్కో పోగు. ఆ గళ్ళ లెక్కన అట్టలకు చిల్లులు కొట్టాలి. ఆ అట్టల దండను మగ్గం నెత్తిన ఉండే జకార్డుకు తగిలిస్తే, చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట పడుకుంటుంది, పువ్వు తేలుతుంది. గళ్ళు గీసే పని నాది. నా వీపున ఒక వెడల్పాటి పాతకాలపు సాకెట్టు ఉంది. అట్టలకు చిల్లులు కొట్టే మిషను తీగ అందులోకే ఎక్కుతుంది. నా తర్వాత వచ్చిన నాజూకు కంప్యూటర్లు వేటికీ ఆ సాకెట్టు లేదు. అందుకని డిజైన్లు గీసేవాళ్ళు నన్ను విడిచిపెట్టలేదు.

అలా నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో పాలగిరి చౌడమ్మ ఒకతె. ఊరందరికీ చౌడక్క. వాళ్ళ నాయన గళ్ళ కాగితం మీద పెన్సిలుతో పువ్వులు గీసిన మనిషి, ఆయన చేతికిందే ఆమె కూడా గీసింది. మొదటిరోజు ఆమె నా మౌసును పట్టుకున్న తీరు నేను మరిచిపోలేదు. మగ్గంలో పోగుల మధ్య నాడెను విసిరినట్టు విసిరింది. అది బల్ల దాటి, గల్లాపెట్టె దాటి, వీధి దాటి, రైల్వే స్టేషన్లో తిరుపతి బండి ఎక్కింది. కాదులెండి, తీగ ఉంది కాబట్టి బల్ల కిందే వేలాడింది. నెల తిరిగేసరికి ఆమె చేతిలో ఆ మౌసు పెన్సిలయింది. నా దగ్గు వినగానే చూడకుండానే ఎడమ డొక్క మీద తట్టేది. తర్వాత నా తోబుట్టువును ఒకదాన్ని ఇంటికి తీసుకుపోయింది. ధర్మవరంలో మంచి డిజైనుకు గీసినవాళ్ళ పేరు పెట్టి పిలుస్తారు. ఫలానావారి అంచు, ఫలానావారి కొంగు అంటారు. చౌడక్క పేరున ఇంకా ఏదీ లేదు. అది ఆమె ఎవరితోనూ అనేది కాదు. కానీ గీసిన ప్రతి పువ్వు దగ్గరా ఒక క్షణం ఆగి చూసేది. ఆ చూపు నాకు అర్థమయ్యేది.

ఇలా ఉండగా కంపెనీవాళ్ళు ఒక కబురు పంపారు. పాత ఏనుగును ఆపేస్తున్నాం, దాని బదులు కొత్తది వస్తుంది, మూడు నెలల్లో. మూడు నెలలు గడిచాయి, రాలేదు. ఆరు నెలలు గడిచాయి, రాలేదు. రాకపోవడం ఎందుకో కంపెనీ చెప్పలేదు. చెప్పకపోతే ఏం, మన ఊళ్ళో పుల్లప్ప లేడా?

పుల్లప్ప రిటైరైన బస్సు కండక్టరు. పొద్దున్నే నారాయణ అంగడి మెట్టు మీద కూర్చుంటే మధ్యాహ్నం భోజనానికే లేస్తాడు. కొత్త ఏనుగులను ఎక్కించుకున్న ఓడ బరువుకు సగం మునిగిందనీ, చేపలొచ్చి తీగలన్నీ కొరికేశాయనీ మొదట చెప్పింది ఆయనే. వారం తిరక్కుండా ఆ ఓడను తేల్చి ఒడ్డుకు చేర్చి, ఇప్పుడు మూఢం నడుస్తోంది కాబట్టి కంపెనీవాళ్ళు పెట్టె విప్పడం లేదన్నాడు. కంపెనీవాళ్ళకు మూఢం ఏమిటప్పా అని ఎవరో అడిగితే, అందులో లెక్కలు చూసేవాడు మన కదిరివాడేనని సమాధానం చెప్పాడు. ఒకరి బామ్మర్ది బెంగుళూరులో కళ్ళారా చూశాడట, బీరువా అంత ఉందట. ఇంకొకరి వియ్యంకుడు చూస్తే అగ్గిపెట్టె అంతే ఉందట. అవ్వల కాలం చీర దాని ముందు పరిస్తే పోగులు తానే లెక్కపెట్టుకుని గళ్ళు గీసేస్తుందని ఒకరు, కొంగుకు నెమలి కావాలని నోటితో చెబితే చాలని మరొకరు. వెనక వెడల్పు సాకెట్టు ఉండదంట అని ఒకాయన మెల్లగా అన్నప్పుడు మాత్రం మెట్టు మీద అందరూ తలలు తిప్పి నా వీపు వైపు చూశారు. ఆ సాకెట్టు లేకపోతే ఊళ్ళో ఉన్న అట్టల మిషన్లన్నీ పాత సామాన్ల బండి ఎక్కాల్సిందే.

అవన్నీ వింటూ నేను లోలోపల నవ్వుకునేవాణ్ణి. నన్ను తీసి పారేసి నా స్థానంలో కూర్చోబోయే దాని గురించి నా ఎదురుగానే ముచ్చట్లు చెప్పుకుంటున్నారు, వీళ్ళకు మొహమాటమన్నది లేదా అనుకునేవాణ్ణి. మొహమాటం గురించి మాట్లాడే హక్కు నాకు ఎక్కువకాలం నిలవలేదు.

ఒకరోజు నారాయణ అంగడి కప్పుకు కొత్త ఫ్యాను బిగించడానికి మనిషి వచ్చాడు. పైన చిల్లులు కొడుతుంటే సిమెంటు పొడి రాలుతోందని, నారాయణ ఇంట్లోంచి పాత పసుపు పచ్చ గుడ్డ ఒకటి తెచ్చి నా మీద కప్పాడు. పని అయిపోయాక తీయడం మరిచిపోయాడు. జరిగింది ఇంతే. ఇంకో ఊళ్ళో అయితే ఇది ఇంతటితో ఆగిపోయేది.

కానీ ధర్మవరంలో గుడ్డ కప్పడమంటే మామూలు సంగతి కాదు. కొత్త డిజైను మగ్గం మీద ఉన్నన్నాళ్ళు నేసినంత మేర గుడ్డ కప్పి ఉంచుతారు. దిష్టి భయం కొంత, దొంగల భయం ఎక్కువ. ఇంటికొచ్చిన చుట్టం కూడా ఆ గుడ్డను చూడనట్టే పక్కకు చూసి మాట్లాడాలి. దాని కింద ఏముందని అడగడం మర్యాద కాదు, ఎత్తి చూడడం మహాపరాధం. కప్పినవాడే తీయాలి. చీర మగ్గం దిగినరోజున తీస్తాడు.

మర్నాడు పొద్దున పుల్లప్ప వచ్చి మెట్టు మీద కూర్చోబోయి, నా వైపు చూసి, కూర్చోకుండానే ఆగిపోయాడు. గుడ్డను చూశాడు. నారాయణను చూశాడు. "వచ్చిందా?" అని అడిగాడు, గొంతు తగ్గించి. నారాయణ నోటినిండా వక్కాకు ఉంది. ఏమి వచ్చిందో అతనికి అర్థం కాలేదు. ఊరికే తల ఊపి నవ్వాడు. పుల్లప్ప ఇంకో మాట అడగలేదు. చెప్పులు విడిచి మెట్టెక్కాడు.

సాయంత్రానికి వీధి వీధంతా వచ్చింది. ఎవరూ గుడ్డ గురించి అడగలేదు. ఒకాయన మౌసు కావాలని వచ్చాడు, ఒకాయన కాగితాల కట్ట కోసం వచ్చాడు, ఒకాయన ఏమీ లేకుండానే వచ్చి నారాయణ ఆరోగ్యం కనుక్కున్నాడు. అందరూ నాకు నాలుగడుగుల దూరంలో నిలబడి గోడ మీది క్యాలెండరు చూశారు. నారాయణకు సంగతి అప్పటికి తెలిసింది. చెప్పెయ్యాలనుకున్నాడని నేను ప్రమాణం చేసి చెప్పగలను. నోరు తెరిచాడు కూడా. అంతలో వాళ్ళలో పెద్దాయన ఒకడు, "నారాయణా, చెప్పాల్సిన పొద్దు చెప్తువులే. మాకు తెలీదా" అని భుజం తట్టాడు. తెరిచిన నోరు మూసుకున్నాడు.

అతన్ని మరీ తిట్టుకోకండి. నారాయణ నేతగాళ్ళ ఇంట పుట్టాడు గానీ చేతికి ఆ విద్య రాలేదు. వాళ్ళ నాయన, అన్నలు మగ్గాల మీద గుడ్డలు కప్పుకుంటుంటే ఇతను ఎప్పుడూ పక్క మగ్గం మీద పువ్వుల్లేని సాదా చీర నేసేవాడు. జీవితంలో ఒక్కసారి కూడా గుడ్డ కప్పుకోదగ్గ పని అతని చేత కాలేదు. యాభై ఆరేళ్ళ వయసులో మొదటిసారి ఊరంతా అతని గుడ్డ వైపు చూడకుండా చూస్తోంది. ఆ సుఖం ఒక్కరోజు అనుభవిద్దామనుకున్నాడు. ఆ తర్వాత ఇంకొక్క రోజు.

ఇక నా సంగతి. అతన్ని అంటున్నానుగానీ నేనూ మురిసిపోయాను. పద్నాలుగేళ్ళుగా నన్ను చూసి పక్కదాన్ని తీసుకుపోయినవాళ్ళు ఇప్పుడు నా ముందు చెప్పులు విడుస్తున్నారు. ఎవరో గుడ్డ కొసకు కుంకుమ బొట్టు కూడా పెట్టారు. నా బదులు రావలసినదానికి దక్కాల్సిన గౌరవమంతా నేనే కాజేస్తున్నాను. నేనే నా కొత్త అవతారమన్నట్టు కూర్చున్నాను. ఒకటి రెండుసార్లు, ఏమో, నేను నిజంగానే కొత్తగా అయ్యానేమో అని కూడా అనిపించింది. ముసుగు కింద ఉన్నవాడికి అలా అనిపించడం వింతేమీ కాదు.

తొమ్మిదో రోజున చౌడక్క వచ్చింది.

మెట్టు మీద పుల్లప్ప, లోపల నలుగురైదుగురు ఉన్నారు. ఆమె వాళ్ళను దాటుకుని నేరుగా నారాయణ ముందుకు వచ్చింది. ఇంట్లో ఏనుగు పోయిందని చెప్పింది. ఇదివరకు రెండుసార్లు ఆగి బతికింది, ఈసారి లోపలి బోర్డే కాలిపోయింది. అది ఆగినప్పుడల్లా అట్టలు ఆలస్యమై, ఆమె దగ్గర అట్టలు తీసుకునే నేతగాళ్ళు ఒక్కొక్కరే వేరేవాళ్ళ దగ్గరికి పోయారు. మిగిలింది జింకా లింగమయ్య ఒక్కడే. అతని మగ్గం మీద నిలువు పోగుల వార్పు ఎక్కించి ఉంది, అట్టలు లేక మగ్గం ఊరికే ఉంది. పున్నమి దాకా చూస్తానన్నాడు, ఆ తర్వాత చూడలేనన్నాడు. అతనూ పోతే ఇంక తన గుమ్మం తొక్కేవాడుండడు.

"కొత్తది ఎప్పుడొస్తే అప్పుడు రానీలేన్నా," అంది చౌడక్క. "నేను నేర్చుకుంటి చూడు, ఆ పాతది ఈడ ఉండె గదా. నాకు అది చాలు. దాన్నే ఇయ్యి."

ఆమె అడిగేది నన్నే. ఆమె చెంగు నా గుడ్డకు తగులుతోంది. చెయ్యి చాపితే అందే దూరంలో ఉన్నాను.

నారాయణ నన్ను చూడలేదు. మెట్టు మీదున్న పుల్లప్పను చూశాడు, లోపలున్నవాళ్ళను చూశాడు. వాళ్ళంతా క్యాలెండరు చూస్తున్నారు, చెవులు మాత్రం ఇటే ఉన్నాయి. ఇప్పుడు గుడ్డ తీస్తే తొమ్మిది రోజుల మౌనమూ ఒక్కసారిగా అబద్ధమైపోతుంది.

"అది లేదు చౌడమ్మా," అన్నాడు. "ఇచ్చేస్తి."

నాకు నోరు లేదనుకోకండి. నాకు రెండు దగ్గులున్నాయి. ఆ క్షణంలో అవి దగ్గగలిగితే చాలు. కానీ స్విచ్ వేసేవాడు లేనిదే నా నోరు తెరుచుకోదు. మనుషులకు ఆ ఇబ్బంది లేదు. అయినా నారాయణ, నేను ఇద్దరం ఒకేలా ఊరుకున్నాం.

పోతున్న ఆమెకు పుల్లప్ప ధైర్యం చెప్పాడు. ఈ గుడ్డ తీసేదాకా ఓపిక పట్టమనీ, తీసినరోజున అట్టలన్నీ అదే కొట్టిపెడుతుందనీ. చౌడక్క గుడ్డ వైపు ఒకసారి చూసి, మర్యాదగా చూపు తిప్పుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి పదకొండు రోజులు ఆమె కబుర్లు మెట్టు మీద కూర్చున్నవాళ్ళ నోటినుంచే నాకు తెలిశాయి. వాళ్ళ నాయన గళ్ళ కాగితాలు అటక మీద నుంచి దింపిందట. పెన్సిలుతో చేత్తో గీస్తోందట. కళ్ళు మండి నీళ్ళు కారుతుంటే తడిగుడ్డ కట్టుకుని, తీసి మళ్ళీ గీస్తోందట. అలా గీస్తే పున్నమికి కొంగు కూడా అవదని అందరికీ తెలుసు. చెప్పేవాళ్ళంతా చివర్న, పాపం, ఈ గుడ్డ ఎప్పుడు తీస్తాడో అని నిట్టూర్చేవాళ్ళు. ఆ నిట్టూర్పు ఒక్కొక్కటే నా మీద పడేది. సిమెంటు పొడి పడ్డా బాగుండేది.

నారాయణకూ అన్నం దిగడం లేదు. ఆమె వచ్చి పోయిన పన్నెండో రోజు మధ్యాహ్నం, అందరూ భోజనాలకు పోయినప్పుడు, గుడ్డ ముందు కొస ఎత్తి నా మొహం చూశాడు. చూడలేక మళ్ళీ వదిలేశాడు. నన్ను గుట్టుగా ఆమె ఇంటికి చేర్చాలని మనసులో పడినట్టుంది. ఇంకా పనిచేస్తున్నానా లేదా చూద్దామని గుడ్డ కిందనుంచే చెయ్యి పెట్టి తీగ తగిలించి స్విచ్ వేశాడు. కరెంటు లేదు. స్విచ్ తీయడం మరిచిపోయి గల్లాపెట్టె మీద తల పెట్టుకున్నాడు. మనుషుల మతిమరుపు నాకు చేసిన మేలు అదొక్కటే.

మూడు గంటలకు లింగమయ్య వచ్చాడు. వెనకే చౌడక్క వచ్చింది. ఊళ్ళో కంప్యూటరున్న ఇంకో డిజైనరు ఎవరో నారాయణకు తెలుస్తుందనీ, అక్కడ లింగమయ్య పని ఒప్పించమనీ అడగడానికి వాళ్ళిద్దరూ కలిసి వచ్చారు. ఆ మాట ఆమే చెప్పింది. తన చేతిలోని చివరి పనిని తానే ఇంకొకరికి అప్పగించమంటోంది. ఆమె కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. లింగమయ్య నేల చూస్తున్నాడు. మెతకమనిషి, "ఖాళీ మగ్గం ముందర కూచోలేనన్నా" అని మాత్రం అన్నాడు. పుల్లప్ప అప్పటికే మెట్టు మీదకు చేరాడు.

అప్పుడు కరెంటు వచ్చింది.

నేను దగ్గాను. రెండుసార్లు, పొడిగా. నా జన్మలో అంత గట్టిగా ఎప్పుడూ దగ్గలేదు. ఫ్యాను గరగరమంది.

"చూస్తిరా, ఊపిరి పీలుస్తాంది," అన్నాడు పుల్లప్ప, భక్తిగా లేచి నిలబడి.

చౌడక్క చప్పున ఇటు తిరిగింది. నా దగ్గరికి వచ్చింది. గుడ్డ మీదనుంచే, చూడకుండానే, ఎడమ డొక్క మీద అరచేత్తో ఒకటి తట్టింది. గరగర ఆగింది. ఆ చెయ్యి అలాగే కాసేపు ఉంది. తర్వాత తల తిప్పి నారాయణను చూసింది. నారాయణ తల ఎత్తలేదు. అతని చెవులు ఎర్రబడటం నాకు గుడ్డ లోంచే తెలిసింది. నాకు చెవులుంటే అవీ ఎర్రబడేవి.

ఆమె గుడ్డ లాగేస్తుందనుకున్నాను. లాగేసే హక్కు ఆమెకుంది. కానీ ఆమె సాలెవీధిలో పుట్టిన మనిషి. ఇంకొకరు కప్పిన గుడ్డను ఎత్తదు.

"అన్నా," అంది మెల్లగా, "ఈ గుడ్డ కింద ఉండేది నాకియ్యి. గుడ్డ తీయొద్దు. అట్లే ఇయ్యి."

నారాయణ నన్ను ఎత్తి ఆటోలో పెట్టాడు. అంత బరువునూ ఒక్కడే మోశాడు.

పున్నమికి ఇంకా ఏడు రోజులు. చౌడక్క గుడ్డ ఎత్తకుండానే, కిందనుంచి చెయ్యి పెట్టి, తన ఇంట్లో కాలిపోయినదాని తెర, మౌసు తీగలు నాకు తగిలించింది. చేత్తో గీసిన గళ్ళు ఆమె వేళ్ళకు కంఠతా అయిపోయాయి. ఆరు రోజుల్లో మొత్తం నాలో ఎక్కించింది. అది కానుగ పూల బుటా. మా వీధిలో కానుగ చెట్ల కింద పొద్దున్నే రాలిన పూలు ఎలా పడి ఉంటాయి? ఒకదానికొకటి వరస ఉండదు, కానీ చూస్తే ఏదో లెక్క ఉన్నట్టుంటుంది. అలా చీర నిండా చల్లింది. మామూలుగా బుటా అంటే ఒకే పువ్వు వరసగా మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఈమె వరస దొరక్కుండా ఎక్కడో చాలా దూరంలో మొదటికి వచ్చేలా గళ్ళు పేర్చింది. నేను ఎన్నో చూశాను, ఇలాంటిది చూడలేదు. ఆ ఆరు రోజుల్లో నేను చేసింది ఆమె చెప్పిన గడి నింపడం, చెప్పని గడి వదిలెయ్యడం. అంతే. ఏడో రోజున నా వీపున తీగ తగిలించి అట్టలు కొట్టింది. లింగమయ్య దండ భుజాన వేసుకుపోయాడు. అతని మగ్గం మీద నిజమైన గుడ్డ పడింది.

చీర మగ్గం దిగినరోజున చూసినవాళ్ళు దాన్ని వెలుతురుకు పట్టి తిప్పి తిప్పి చూశారట. ఆ తర్వాత మాట్లాడినదే నన్ను కాల్చింది. ఇది చౌడక్క గీసింది కాదప్పా, కొత్త ఏనుగు గీసింది అన్నారు. రాలిన పూలను చూపిస్తే తానే పోగులు లెక్కపెట్టుకుందట అన్నాడు పుల్లప్ప. సంతకు పోయేసరికి ఆ చీరకు పేరు పడిపోయింది. ఏనుగు బుటా.

చౌడక్క ఆ మాట వాకిట్లో నిలబడి వింది. నిజం చెబితే నారాయణ పరువు పోతుంది. అతని గుడ్డ కాబట్టి అతనే తీయాలి, తను తీయకూడదు. లోపలికి వచ్చి నా ముందు కూర్చుని, స్విచ్ వేయకుండా, చాలాసేపు ఖాళీ తెర వైపు చూసింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. అంతకుముందు గౌరవం కాజేసినప్పుడు అది ఇంకా పుట్టని యంత్రానిది అనుకుని సర్దుకున్నాను. ఈసారి కాజేసింది నా డొక్క తట్టి నన్ను బతికించిన మనిషి పేరు. నారాయణ అంగడి దాటి వీధి లోపలికి రావడం మానేశాడు. చుట్టు తిరిగి వేరే దారిన ఇంటికి పోతున్నాడని తెలిసింది. నాకు పోవడానికి వేరే దారి లేదు. అక్కడే ఆ పసుపు గుడ్డ కింద కూర్చున్నాను.

కంపెనీ చెప్పిన గడువు దాటి పద్నాలుగు నెలలయ్యాక అసలు కొత్తది వచ్చింది. నారాయణ అంగడిలోనే పెట్టె విప్పారట. పలకంత ఉందట, తెల్లగా ఉందట. వెనక వెడల్పు సాకెట్టు లేదట. జనం అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. పుల్లప్ప దాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూసి, ఇది అసలుది కాదు, నకిలీ, అసలుది చౌడక్క ఇంట్లో ఉంది, పోయి పక్కపక్కన పెట్టి చూద్దాం రండని బయలుదేరాడట.

అలా ఆ మధ్యాహ్నం వీధి వీధంతా మా వాకిట్లోకి వచ్చింది. ముందు పుల్లప్ప, చేతిలో ఆ తెల్ల పలక. వెనక లింగమయ్య. అందరికంటే వెనక, రానా వద్దా అన్నట్టు, నారాయణ. ఎవరూ గుడ్డ ఎత్తమని అడగలేదు. మర్యాద తెలిసినవాళ్ళు. నాలుగడుగుల దూరంలో నిలబడి గోడ వైపు చూశారు. చౌడక్క కుర్చీలోంచి లేవలేదు.

నారాయణ జనంలోంచి ముందుకు వచ్చాడు. గుడ్డ రెండు కొసలూ పట్టుకున్నాడు.

"కప్పింది నేను. నేనే తీస్తాండా," అన్నాడు, గుడ్డ తీశాడు. "ఇది పాతదే. దుమ్ము పడతాదని కప్పితి. మీరు ఏమేమో అనుకుంటిరి, నాకు బాగుండె, ఊరుకుంటి. చౌడమ్మ వచ్చి ఇదే అడిగితే, దీని పక్కన నిలబడే లేదంటి. ఆ పూలు గీసింది ఆయమ్మ. ఇది కాదు."

వెలుతురు ఒక్కసారిగా నా మీద పడింది. మూలన విరిగిన బూడిద రంగు డొక్క, కుంకుమ మరక, పద్నాలుగేళ్ళ వేలిముద్రలు, అన్నీ వాకిట్లో అందరికీ కనబడ్డాయి. ఎవరూ నవ్వలేదు. నన్ను చూడలేక వాళ్ళు, వాళ్ళను చూడలేక నేను. ఆ నిశ్శబ్దాన్ని భరించలేనివాడు పుల్లప్ప ఒక్కడే. "నాకు మొదటి దినమే తెల్సు. మీరెవురు నమ్ముతారని చెప్పలేదు," అన్నాడు.

అప్పుడు చౌడక్క నవ్వింది. చిన్నగా. నారాయణ చేతిలోంచి గుడ్డ తీసుకుని, దులిపి, నాలుగు మడతలు పెట్టి లింగమయ్యకు ఇచ్చింది.

"నీ మగ్గం మీద కప్పుకో లింగమయ్యా. ఇంకో డిజైను గీసి పెట్టినాలే," అంది.

నారాయణ చెంప తుడుచుకుని వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి మళ్ళీ మా వీధిలోంచే నడుస్తున్నాడు, తల కొంచెం దించుకుని. తెల్ల పలక అతని అంగడిలో నా పాత బల్ల మీద ఉందట. దాన్ని ఎవరూ ముట్టుకోవడం లేదట. దానిమీద నాకిప్పుడు కోపం లేదు. దానికి దక్కాల్సిన స్వాగతం నేను ముందే తినేశాను.

ఆ బుటాను సాలెవీధిలో చౌడక్క పూలు అంటున్నారు. ఊరి బయట సంతలో మాత్రం సగం మంది ఇప్పటికీ ఏనుగు బుటా అనే అడుగుతారు. నిజం వీధి మొదటిదాకే నడిచింది, అబద్ధం అప్పటికే బస్సెక్కి పోయింది. ఆ మాట ఎవరి నోటనైనా వినబడితే నా ఫ్యాను ఒక్క క్షణం తడబడుతుంది. చౌడక్క చూడకుండానే ఎడమ డొక్క మీద తడుతుంది. సర్దుకుంటాను.

ఇప్పుడు నా మీద గుడ్డ లేదు. వాకిలి తెరిచి ఉంటుంది, వీధిలో దుమ్మంతా లోపలికి వస్తుంది. పడుతోంది. పడనీ.